షంషాద్ బీ పెట్టిన సంగటి

కల్లూరులో షంషాద్ బీ గురించి చాలా మాటలు చెప్పుకుంటారు. పక్షవాతం వచ్చిన ఒక ముసలి రైతును ఆమె పస్తులు పెట్టిందని కొందరంటారు. రాగి సంగటి తినేవాళ్లంటే ఆమెకు చిన్నచూపని మరికొందరంటారు. ఆమె తల్లి కూడా రోజూ సంగటి కెలికి పిల్లలను పెంచిన మనిషేనని వారికి తెలియదు. ఉద్యోగం పోతుందన్న భయంతో పైవాళ్లు ఎట్లా చెబితే అట్లా ఆడిందని ఇంకొక మాట ఉంది. ఆమెను మెచ్చుకునేవారు చెప్పేది కూడా నమ్మదగినది కాదు. గొంతులో చెయ్యి పెట్టి ప్రాణాన్ని వెనక్కు లాగిందని, ఆమె చేతిలో ఏదో మహిమ ఉందని వారి వాదన. గొంతులో ఇరుక్కున్నదాన్ని వేళ్లతో వెతికితే అది ఇంకా లోపలికి పోతుందని షంషాద్ బీకి తెలుసు. ఆమె ఆ పని ఎన్నడూ చేయలేదు.

ఈ మాటలన్నీ పుట్టింది ఆదరణ నిలయంలో. కల్లూరు కొత్త ఇళ్ల వరుసలు ముగిసేచోట, షేర్ ఆటోలు వెనక్కు తిరిగే మలుపు దగ్గర ఆ నిలయం ఉంది. ఒంటరిగా బతకలేని వృద్ధులు, పక్షవాతం వచ్చినవారు అక్కడ ఉంటారు. దాన్ని నడిపే ట్రస్టుకు పెద్ద శాంతయ్య. ఒకప్పుడు ఆయనకు వేరుశనగ నూనె మిల్లు ఉండేది. నిజాయితీ గల మనిషి. ఆయన లోపమల్లా ఒకటే: నిలయానికి చెడ్డపేరు వస్తుందంటే ఆయనకు నిద్ర పట్టదు.

షంషాద్ బీ భర్త మహబూబ్ బాషా షేర్ ఆటో నడుపుతాడు. పొద్దున్నే మొదటి ట్రిప్పులో ఆమెను నిలయం గేటు దగ్గర దింపి పోతాడు. కర్నూలులో ఒక నర్సింగ్ హోములో ఏళ్ల తరబడి ఆయాగా చేసి, ఆమె ఇక్కడికి వచ్చింది. కొద్దికాలానికే భోజనాల గది ఆమె చేతికి వచ్చింది. ఆ గదిలో ఎవరికీ పడుకోబెట్టి తినిపించరు. గ్లాసు పట్టుకోగల మనిషి గ్లాసు తానే పట్టుకోవాలి. పనికి కొత్తగా చేరిన ఆడపిల్ల నిలబడి అన్నం కలిపితే షంషాద్ బీ స్టూలు లాగి ముందు వేసేది.

"కూసో. నువ్వు నిలబడితే ఆయప్ప తల పైకెత్తాల. తల పైకెత్తి మింగితే కూడు ఊపిరి దారిలో పడతాది."

ఇది ఆమెకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు. వారానికొకసారి నిలయానికి వచ్చే ఫిజియోథెరపిస్టు సాజియా నేర్పింది. ఒక గుక్క నీళ్లు తాగించి మనిషిని మాట్లాడించాలని, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు గరగరలాడితే తినిపించడం అక్కడే ఆపాలని చెప్పింది కూడా ఆ అమ్మాయే. సాజియా ఇట్లాంటివి చాలామందికి నేర్పింది. రోజూ, ప్రతి మనిషి దగ్గరా, తొందర ఉన్న పూట కూడా పాటించినది షంషాద్ బీ.

దేవేంద్రప్ప ఆ గదికి దసరా తరువాత వచ్చాడు. ఆలూరు అవతలి పల్లెలో మెట్ట సేద్యం చేసిన మనిషి. పక్షవాతం ఆయన కుడి చేతినీ, మూతిలో ఒక పక్కనూ తీసుకుపోయింది. కూతురు గంగక్కకు భర్త లేడు. వేరుశనగ పని అయిపోయాక ఊరి కూలీలతో లారీ ఎక్కి గుంటూరు వైపు మిరప కోతకు పోవడం ఆమెకు ఏటేటా ఉండేదే. తండ్రిని అక్కడికి తీసుకుపోలేదు, ఊళ్లో ఒంటరిగా వదలలేదు. అందుకే నిలయానికి తెచ్చింది. వీలు చిక్కిన ఆదివారమల్లా వచ్చి చూసేది.

అట్లా వచ్చిన ఒక ఆదివారం ఆమె గుడ్డ కట్టిన గిన్నెలో వేడి సంగటి తెచ్చింది. బయటి తిండి ఏదైనా షంషాద్ బీ చూశాకే లోపలికి పోవాలన్నది నియమం. ఆమె గుడ్డ విప్పింది, వేలితో నొక్కింది. వేలు దిగింది.

"మెత్తగానే ఉండాది. పెట్టు గంగక్కా," అంది.

తప్పు అక్కడ జరిగింది. ఈ సీమలో పుట్టినవారెవరైనా చేసే తప్పే అది. సంగటి మెత్తనిది కాబట్టి జబ్బు మనిషికి మంచిదని ఇక్కడ అందరూ అనుకుంటారు. కానీ సంగటిని ఇక్కడ ఎవరూ నమలరు. ముద్ద చేసి, పులుసులో దొర్లించి, ఒక్కసారిగా మింగుతారు. నమిలితే పండ్లకు అతుక్కుంటుందని, నమలకుండా మింగమని పిల్లలకు చిన్ననాడే నేర్పుతారు. పండ్లు చేయవలసిన పని అంతా గొంతే చేస్తుంది. దేవేంద్రప్ప గొంతులో ఒక పక్కకు ఇప్పుడు బలం లేదు. మింగే అలవాటు మాత్రం ఆయనను వదలలేదు.

గంగక్క తండ్రికి ఎప్పుడూ ఇష్టమైనంత ముద్దే చేసింది. ఎదురు బల్ల దగ్గర కంబన్న కూర్చుని ఉన్నాడు. బండలు కొట్టి బతికిన మనిషి, ఆ గదిలో అందరికంటే పెద్ద నోరు ఆయనదే.

"దేవేంద్రప్పా, అంతా నువ్వే మింగుతాండావే! ఒక ముద్దన్నా ఇటు ఇసురప్పా!"

దేవేంద్రప్ప నవ్వబోయాడు. నవ్వు రాలేదు. దగ్గూ రాలేదు. ఎడమ చెయ్యి గొంతు మీదికి పోయింది, కళ్లు పెద్దవయ్యాయి. "నాయనా!" అని గంగక్క అరిచి నీళ్ల గ్లాసు అందుకుంది. షంషాద్ బీ ఆ గ్లాసును పక్కకు తోసి, ఆయనను ముందుకు వంచి, వీపున రెండు రెక్కల నడుమ అరచేతి మొదలుతో గట్టిగా కొట్టింది. ముద్ద కదలలేదు. వెనక నుంచి రెండు చేతులూ చుట్టి, పొట్ట పైభాగాన్ని లోపలికీ పైకీ అదిమింది. మళ్లీ అదిమింది. ముద్ద వచ్చి నేల మీద పడింది. ఆ తరువాత ఆయనకు దగ్గు వచ్చింది, ఊపిరి ఆడింది.

అయినా సంగటి కొంత ఊపిరితిత్తిలోకి పోయి జ్వరం తెచ్చింది. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి ఆయన తిరిగి వచ్చాడు. ఈలోగా గంగక్కనే అందరూ తప్పు పట్టారు. శాంతయ్య కూడా ఆమెనే అడగబోతే షంషాద్ బీ అడ్డు వచ్చింది.

"ఆయమ్మను అనొద్దు సార్. చూసి పంపిచ్చింది నేను. మెత్తగా ఉండాదని మోసపోయినా."

"అయితే ఇంక ఈ గేటులోకి సంగటి రాకూడదు, మన వంటింట్లోనూ వండకూడదు," అన్నాడు శాంతయ్య. "ఎవరికీ వద్దు."

ఆమె సరేనంది. భయంలో ఉన్న మనిషి చాలా తేలికగా సరేనంటుంది. మరునాడు మధ్యాహ్నం బల్లల మీద అన్నమూ పప్పూ మాత్రమే కనిపించేసరికి కంబన్న కంచాన్ని ముందుకు నెట్టాడు.

"ఏమమ్మా బీబమ్మా, ఆయప్ప గొంతు ఆయప్పది, నా గొంతు నాది. ఒగడు కాలు జారి పడితే ఊరందర్నీ మంచాలకు కట్టేస్తారా?"

"నీ మంచికే కంబన్నా."

"నా మంచి నన్ను అడిగితివా?"

ఇంటికి పోయేటప్పుడు ఆటోలో కూడా ఆ మాటే ఆమె తలలో తిరిగింది. కంబన్న చెప్పినది న్యాయమని తేల్చుకుంది. పొద్దున శాంతయ్యతో మాట్లాడి, మింగడంలో ఇబ్బంది లేనివారందరికీ సంగటి మళ్లీ పెట్టించింది. కాపాడుతున్నామన్న పేరుతో మనిషి ఇష్టాన్ని తీసేసుకోవడం ఆ గదిలో అదే మొదలు, అదే ఆఖరు.

దేవేంద్రప్ప సంగతి అంత సులభంగా తేలలేదు. నానబెట్టిన ఇడ్లీ పెడితే మూతి బిగించేవాడు. మెదిపిన పప్పన్నం పెడితే మొహం గోడ వైపు తిప్పేవాడు.

"రోగమొచ్చినోళ్ల కూడు నాకొద్దు. నేను తింటే సంగటి తింటా, లేకుంటే పోతా."

మెడ కింది ఎముకలు రోజురోజుకూ పైకి తేలాయి. నిలయానికి వచ్చే డాక్టరు చూసి, ఇట్లాగే ఉంటే తిండి పోయడానికి ముక్కులో గొట్టం వేయక తప్పదన్నాడు. డాక్టరు చెప్పినది తప్పు కాదు. అయితే గొట్టం వేస్తే దేవేంద్రప్ప దాన్ని పీకేస్తాడని అందరికీ తెలుసు. పీకకుండా ఉండాలంటే బాగున్న ఎడమ చేతిని మంచం పట్టీకి కట్టాలి. నర్సింగ్ హోములో షంషాద్ బీ అట్లా కట్టిన చేతులను చూసింది. కట్టు కింద ఎర్రబడిన మణికట్లకు నూనె రాసింది.

శాంతయ్య గంగక్కను పిలిపించాడు. "గొట్టానికి ఒప్పుకో. లేదంటే నాన్నను తీసుకుపో. మా కళ్లముందు మనిషి పస్తులతో పోతే నిలయం తలుపులు మూసుకోవాల."

గంగక్క చీర కొంగును గుప్పిట్లో నలుపుతూ నిలబడింది. "తోడుకపోయి యాడ పెట్టుకోవాల సార్? మిరప చేండ్లలో టార్పాలిన్ పట్ట కింద పండుకుంటాము మేము. పోకుంటే ఏడాదంతా ఏం తినాల? వచ్చే సోమవారం లారీ పోతాది."

షంషాద్ బీ గుమ్మం దగ్గర నుంచే మాట్లాడింది. "లారీ పోయేలోపల ఆయప్ప తింటాడు సార్. నాకిడిసిపెట్టండి. తినకుంటే మీరు చెప్పినట్లే కానీ."

"తినకుంటే ఆ పాపం నీది."

"నాదే సార్."

ఆమె ముందుగా సాజియాను పిలిపించింది. ఇద్దరూ వంటింట్లో నిలబడి సంగటినే కొత్తగా వండారు. మామూలుగా కలిపే బియ్యం వేయలేదు. సన్నని జల్లెడ పట్టిన రాగి పిండిని గడ్డ లేకుండా, వదులుగా కెలికారు. సాజియా గరిటె వంచి చూసింది. అంటుకోకుండా ఒక్కటిగా జారింది.

"ఇది పోతుంది, షంషాద్ ఆపా. కానీ కొంచెం కొంచెం. గడ్డం కిందికి వంచి మింగాలి."

చెంచాలో తెచ్చిన దాన్ని దేవేంద్రప్ప చూశాడు. "ఉగ్గు! ఎత్తకపోయి ఉయ్యాల్లో పిల్లోళ్లకు పెట్టుపో."

"సంగటే పెద్దనాయనా. ఫస్టు నీ పేరు చెప్పు, గొంతు ఇంటా."

"నా పేరు నాకు తెల్దా? పిచ్చోడనుకున్యావా నన్ను?"

చెంచా నేల మీద పడింది. షంషాద్ బీ కింద పడినది తుడిచి, బయటికి పోయి గంగక్కకు ఫోను చేసింది. ఏం తింటాడన్నది ఆమె అప్పటికే అడిగి ఉంది. ఈసారి ఎట్లా తింటాడని అడిగింది.

గంగక్క చెప్పింది. "మా నాయన ఎవురి చేత్తోనూ తినడక్కా. ఆ పొద్దు నా చేత్తో తిన్న్యాడంటే శానా ఆకలి మీద ఉండి తిన్న్యాడు. ఎడమ చెయ్యి కూటికి తగలనియ్యడు. చేను కాడ మేము సద్ది తీసకపోతే, ముందు ఎద్దులను పేరు పెట్టి పిలిచి, సొప్ప ఏసి, ఆమైన ముద్ద ముట్టేటోడు. మైలోడు, కర్రోడు. అవి పోయి శానా ఏండ్లాయె. ఇప్పటికీ నిద్దట్లో పిలుస్తాంటాడు."

ఆ మాటలతో షంషాద్ బీకి దారి కనిపించింది. ఇన్నాళ్లూ తాను అడిగిన ప్రశ్న ఆ మనిషి బుద్ధిని పరీక్షించినట్టుంది. తాను పట్టిన చెంచా ఆయన చేతిని కాదన్నట్టుంది. ఆయన కోపానికి అర్థం ఉందని ఆమె ఒప్పుకుంది.

మరునాడు మధ్యాహ్నం చెంచా లేకుండా, చిన్న పళ్లెంలో సంగటీ వడగట్టిన పులుసూ తెచ్చుకుంది. ఆయన కంటే కొంచెం కిందికి ఉండేటట్టు పీట మీద కూర్చుంది. చచ్చుబడిన కుడి చేతిని కడిగి, తన అరచేతి మీదికి తీసుకుంది.

"మైలోడు యాడ పెద్దనాయనా?"

దేవేంద్రప్ప ఆమె వైపు తిరిగాడు. "మైలోడు నీకెట్ల తెలుసు?"

"ఆకలిగా ఉండాడంట. పిలువు."

"మైలా..." అన్నాడు. మూతి వంకర వల్ల మాట కొంచెం జారింది, గొంతు మాత్రం పొడిగా, స్పష్టంగా ఉంది. ఆమె ఆయన వేళ్లను తన వేళ్లతో మడిచి చింతగింజంత సంగటి తుంపించింది. పులుసులో అద్దించి, రెండు చేతులనూ కలిపి నోటి దగ్గరికి ఎత్తింది.

"గడ్డం కిందికి పెట్టుకో. నములు."

"సంగటి నమిలేదా? థూ! ఎవురన్నా చూస్తే నగుతారు."

ఎదురు బల్ల నుంచి కంబన్న అందుకున్నాడు. "నగేదానికి నా నోట్లో పండ్లు యాడుండాయప్పా! నేను సంగటి చిగుళ్లతో నమలబట్టి ఎన్నాళ్లాయెనో. ఎవురికీ చెప్పలేదంతే. నములు, నీ తోడు నేను నములుతా."

గదిలో నవ్వులు లేచాయి. దేవేంద్రప్ప కూడా నవ్వాడు, నమిలాడు, మింగాడు.

"కర్రోన్ని పిలువు."

"కర్రా!"

గొంతు పొడిగానే ఉంది. ఆమె మరొక చింతగింజంత తుంపించింది. ఆ రోజు తిన్నది కొంచెమే. తరువాతి రోజులలో కొంచెం కొంచెంగా పెరిగింది. ముద్ద ముద్దకూ ఒక ఎద్దు పేరు ఆ గదిలో వినిపించేది. కంబన్న మధ్యలో "ఈ రెండేనా, ఆవుల్లేవా నీకు?" అని అడిగేవాడు.

లారీ పోయే ముందురోజు శాంతయ్య స్వయంగా వచ్చి కూర్చున్నాడు. డాక్టరూ సాజియా గోడ పక్కన నిలబడ్డారు. గంగక్క మూటాముల్లె గుమ్మంలో పెట్టి తండ్రినే చూస్తోంది. తినిపించడం మొదలయిన కొద్దిసేపటికే శాంతయ్య కుర్చీలో కదిలాడు.

"ఒక మనిషికి ఇంతసేపా? మిగతావాళ్ల సంగతేమి షంషాద్ బీ?"

ఆ ప్రశ్న సరైనదే. ఆమె దానికి ముందే ఏర్పాటు చేసుకుంది. తామే తినగలవారిని ముందు పంక్తిలో కూర్చోబెట్టింది. సాయం కావలసినవారిని రెండో పంక్తికి మార్చి, ఒక్కొక్కరి పక్కన ఒక మనిషి ఉండేటట్టు చూసింది. ఆమె ఆ సంగతి చెప్పేలోగానే దేవేంద్రప్ప తల తిప్పాడు.

"సార్, నేను ఎద్దుకు నీళ్లు పెడితే అది తాగేదాకా నిలబడుకుంటాంటి. నువ్వు నా కాడ రవ్వంతసేపు కూసోలేవా?"

శాంతయ్య కుర్చీని ముందుకు జరుపుకున్నాడు. కంబన్న గట్టిగా దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు.

పళ్లెంలో సగం అయింది. "మైలోన్ని పిలువు," అంది షంషాద్ బీ. పిలిచాడు. ఈసారి గొంతులో ఎక్కడో నీళ్లు కదిలినట్టు సన్నని గరగర. గోడ పక్కన ఉన్నవారికి అది వినిపించనే లేదు. దేవేంద్రప్ప నోరు తెరిచి ఎదురు చూస్తున్నాడు. శాంతయ్య చూస్తున్నాడు. గంగక్క చూస్తోంది. పళ్లెం ఖాళీ అయితే పందెం గెలిచినట్టే.

షంషాద్ బీ ఆయన చేతిని మెల్లగా పళ్లెం నుంచి తీసి ఒళ్లో పెట్టింది.

"ఈ పూటకు చాలు పెద్దనాయనా. దగ్గు."

"ఇంగా ఉండాది గదా! పెట్టు!"

"దగ్గమంటాండా. మళ్లీ దగ్గు. ఇప్పుడు పిలువు."

ఆయన కోపంగా దగ్గాడు, కోపంగానే పిలిచాడు. గొంతు శుభ్రపడింది. అయినా ఆమె మళ్లీ ముద్ద తుంచలేదు. "అలిసిపోయినావు. పొద్దు గూకేముందు మిగిలింది తిందువు," అని పళ్లెం మీద మూత పెట్టింది. దేవేంద్రప్ప ఆమెను తిట్టిన తిట్లు బలం ఉన్న మనిషి తిట్టే తిట్లు.

సాజియా ముందుకు వచ్చి ఆయన వీపు మీద చెవి ఆనించి విని, తల ఊపింది. శాంతయ్య లేచి నిలబడ్డాడు.

"తినిపిస్తావేమో చూద్దామని వచ్చినాను," అన్నాడు. "నా ఎదురుగా ఆపగలవని అనుకోలేదు. గొట్టం వద్దు. దేవేంద్రప్ప ఈడనే ఉంటాడు."

డాక్టరు అభ్యంతరం చెప్పలేదు. బరువు చూస్తూ ఉండమని మాత్రం చెప్పాడు.

సాయంత్రం మిగిలిన సంగటి దేవేంద్రప్ప ఏ గరగరా లేకుండా తిన్నాడు. గంగక్క మూట ఎత్తుకుని, పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"అక్కా, వచ్చేటప్పుడు నీకేం తేవాల?"

"మిరపకాయలు మాత్రం తేవద్దు. మీ నాయనకు కారం పడదు, తిట్టేది నన్ను."

గంగక్క నవ్వింది. ఆ నవ్వుతోనే మర్నాడు లారీ ఎక్కింది. మిరప కోత ముగించుకుని వచ్చేసరికి తండ్రి బుగ్గలు మళ్లీ నిండి ఉన్నాయి. పక్కనే కంబన్న, కొత్తగా చేరిన మరో పక్షవాతపు మనిషి చేత సంగటి నమిలిస్తున్నాడు.

నిజం తేల్చి చెప్పాలంటే ఇది: షంషాద్ బీ ఎవరినీ పస్తులు పెట్టలేదు, మహిమలేవీ చేయలేదు. ఒకసారి మెత్తదనాన్ని చూసి మోసపోయింది, ఒకసారి భయపడి అందరి తిండినీ ఆపింది. ఆ రెండు తప్పులనూ దాచలేదు, రెండింటినీ దిద్దింది. ఒక మనిషి ఎడమ చేతిని మంచానికి కట్టనివ్వకుండా, చచ్చుబడిన ఆయన కుడి చేతితోనే ఆయనకు సంగటి తినిపించింది. తన మాట పోతుందని తెలిసిన క్షణంలో కూడా, గొంతు బాగాలేదని వినిపించినప్పుడు చెయ్యి ఆపింది. ఆమె చేసింది ఇంతే, ఇది చాలా గొప్ప పని.